పట్టూ విడుపూ

కైట్‌బోర్డింగ్‌లో గాలి పెరిగేకొద్దీ పటం చిన్నదవ్వాలి. పటం చిన్నదయ్యేకొద్దీ ధర కూడా తగ్గాలిగా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. షాపతను నవ్వి ఊరుకున్నాడు. మెత్తగా వీచే గాలికి 12 మీటర్ల పటం, కాస్త ఊపున్న గాలికి 10, చెట్లు ఊగే గాలికి 8, చెట్లు విరిగే గాలికి ఇంట్లో కూర్చోవడం. వీటిలో ఆ చివరిదొక్కటే ఉచితం. అందుకే దాన్ని ఎవరూ ఎంచుకోరు.

మీటర్లంటే ఇక్కడ చదరపు మీటర్లు. ఈ ఆట ఆడేవాళ్ళు ఆ 'చదరపు'ని మింగేసి మాట్లాడతారు. ఆ అలవాటుతోనే, హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిన మా అత్తగారితో "కొత్తది ఎనిమిది మీటర్లండీ" అనేశాను. ఆవిడ అక్కడికక్కడే లెక్క కట్టేశారు. "ఎనిమిది మీటర్లంటే తొమ్మిది గజాలు గద బాబూ. ఈ కాలంల తొమ్మిది గజాలు ఎవరు కడుతున్నరు? మా పిల్ల అసలే కట్టదు. వాపస్ తీసుకుంటరేమో అడగరాదు?" మా ఆవిడ నా చేతిలో ఫోను లాక్కుని "చీర కాదమ్మా, పతంగి" అంది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత "ఎవరికి?" అని వినిపించింది.

నాకే. ఆ మాట చెప్పుకోవడానికి కొంచెం గుండెధైర్యం కావాలి. నడివయసు, నడుంనొప్పి, నెలనెలా ఇంటి లోను ఉన్న మనిషి గాలిపటం కొనుక్కున్నానంటే వినేవాళ్ళు ఎటు చూడాలో తెలియక ఇబ్బందిపడతారు. అందుకని నేను ఒలింపిక్స్‌ని అడ్డం పెట్టుకుంటాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకి మొదటిసారి పతకాలిచ్చారు. పారిస్‌లో సముద్రం లేదు గనక పోటీలు మార్సెయ్‌లో పెట్టారు. మగవాళ్ళలో ఆస్ట్రియా కుర్రాడు వాలెంటిన్ బోంటుస్, ఆడవాళ్ళలో బ్రిటన్ అమ్మాయి ఎల్లీ ఆల్డ్రిడ్జ్ బంగారు పతకాలు గెలిచారు. ఆస్ట్రియాకి అసలు సముద్రమే లేదు. ఇదంతా మా ఆవిడకి ఓపిగ్గా వివరించి, "కాబట్టి ఇది ఒలింపిక్ క్రీడ" అని ముగించాను.

"అయితే మీరు వెళ్తున్నారా?" అంది.

ఆట ఇంతే. కాళ్ళ కింద ఒక పలక. నడుముకి పట్టా, పట్టాకి కొక్కెం, కొక్కేనికి కర్ర, కర్రకి నాలుగు తాళ్ళు, 22 మీటర్ల ఆ తాళ్ళ చివర గాలి కొట్టిన గొట్టాలతో బిగిసిన గుడ్డ రెక్క. గాలి రెక్కని లాగుతుంది, రెక్క తాళ్ళని లాగుతుంది, తాళ్ళు మనిషిని లాగుతాయి, మనిషి నీళ్ళ మీద జారిపోతాడు. మరి మనిషి ఎవర్ని లాగుతాడయ్యా అంటే ఇంటిల్లిపాదినీ. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి మడతకుర్చీలు, ఫ్లాస్కు, పులిహోర డబ్బా, తడి తువ్వాళ్ళతో మా సంసారం మొత్తం నీటి ఒడ్డుకి చేరుతుంది.

ఆ ఒడ్డు ఫాస్టర్ సిటీ పక్కనుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే పడమటి గట్టున థర్డ్ ఎవెన్యూ వెళ్ళి నీళ్ళకి తగిలే చోటు. కైట్‌బోర్డర్లకీ విండ్‌సర్ఫర్లకీ పాత స్థావరం. మనవాళ్ళకీ బాగా తెలిసిన ఊరే. ఫాస్టర్ సిటీ కరకట్ట మీది కాలిబాటన సాయంత్రంపూట నడిస్తే అమెరికా చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలు జంటలు జంటలుగా ఎదురవుతారు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కొడుకు కొనిచ్చిన స్పోర్ట్స్ షూ, నెత్తిన మంకీ క్యాపు. మండువేసవిలో మంకీ క్యాపేమిటని నవ్వకండి. ఆ గాలి తగిలితే మీరూ పెట్టుకుంటారు.

ఆ గాలి ఎక్కడో పుట్టి ఇక్కడికి రాదు, ఎవరో రమ్మంటే వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు కాలిఫోర్నియా లోపలి లోయ, అంటే శాక్రమెంటో, స్టాక్టన్ వైపు, 40 డిగ్రీల దాకా కాగుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీ నింపడానికి పసిఫిక్ మీది చల్లగాలి బయల్దేరుతుంది. దారికి అడ్డంగా తీరం వెంట కొండలు. గోల్డెన్ గేట్ దగ్గరొక సందు, శాన్ బ్రూనో దగ్గరొక సందు. ఈ రెండో సందులోంచి దూరిన గాలి ఇరుకులో వేగం పుంజుకుని, విమానాశ్రయం మీదుగా సాగి, నేరుగా మా మీదికి వస్తుంది. విమానాలు దిగేటప్పుడు గాలికి ఎదురు దిగాలి గనక, తరచుగా శాన్ మాటియో వంతెన మీదుగానే దిగుతుంటాయి. కింద నీళ్ళ మీద మేం, పైన చక్రాలు దింపుకుని వాళ్ళు. ఇద్దరం ఒకే గాలిని నమ్ముకున్నవాళ్ళం. తేడా ఏమిటంటే వాళ్ళకి కంట్రోల్ టవర్ ఉంది, నాకు మా నాన్నగారున్నారు.

నాన్నగారు విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. గోదావరి జిల్లాల్లో ఆయన ఎక్కని స్తంభం లేదు. సంక్రాంతికి ఊరంతా పటాలెగరేసుకుంటే ఆయన మాత్రం సైకిలేసుకుని, తీగల మీద చిక్కుకున్న తోకల్ని వెదురుగడతో దులుపుతూ తిరిగేవారు. సర్వీసంతా ఆయనకి గాలిపటమంటే పండగ కాదు, ఫిర్యాదు. అలాంటి మనిషి అమెరికా వచ్చి చూస్తే కన్నకొడుకే నీళ్ళ మీద గాలిపటం ఎగరేస్తున్నాడు. పైగా లక్షన్నర పోసి కొని.

మా ఆవిడ వైపు కథ వేరు. వాళ్ళ పుట్టిల్లు మంగళ్‌హాట్. పక్కనే ధూల్‌పేట, హైదరాబాద్‌కి పతంగులు కట్టే పేట. సంక్రాంతికి అన్నలు మిద్దెక్కి పేచీలు వేస్తుంటే తను వెనక దారం చుట్టిన చరఖా పట్టుకుని నిలబడేది. ఆడపిల్లవి నువ్వు చరఖా పట్టు చాలు అనేవాళ్ళట. చరఖా పట్టినవాళ్ళకి పతంగి కనిపించదు గాని దారం సంగతంతా తెలుస్తుంది. ఎక్కడ లాగాలి, ఎక్కడ దారం వదిలి ఢీల్ ఇవ్వాలి అని అన్నలకి వెనకనుంచి చెప్పింది తనేనంటుంది. అన్నలు ఒప్పుకోరు. అలా కొత్త పటం మొదటిసారి ఎగరేసిన రోజు ఒడ్డు మీద రెండు మడతకుర్చీల్లో రెండు విశ్వవిద్యాలయాలు కూర్చున్నాయి.

పటం వచ్చాక కొంతకాలం గాలి మొహం చాటేసింది. అదీ మామూలే. గాలి వచ్చిన రోజు మాత్రం ఎనిమిది మీటర్లకీ ఎక్కువయ్యేలా వచ్చింది. నీళ్ళ మీద ఎటుచూసినా తెల్లటి నురగ. ఒడ్డు మీద ఒకాయన చేతిలో గాలి కొలిచే బుడ్డి యంత్రం పెట్టుకుని పూజారి తీర్థమిచ్చినంత శ్రద్ధగా అందరికీ అంకె చూపిస్తున్నాడు. గంటకి 45 కిలోమీటర్లు, విసురు వచ్చినప్పుడు 55. వినడానికి ఊళ్ళో బండి నడిపే స్పీడే. కాని గాలి లెక్క బండి లెక్క కాదు. వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. మెల్లగా నిద్రపుచ్చే గాలికీ మనిషిని ఎత్తి అవతల పారేసే గాలికీ మధ్య ఉన్నది ఆ ఒక్క రెట్టింపే.

నేను పటం విప్పి నేలమీద పరిచాను. నాన్నగారు మొదట పటం చూడలేదు, ఆకాశం చూశారు. శాన్ మాటియో వంతెన పక్కనే బే మీదుగా హైటెన్షన్ టవర్లు వరసగా నీళ్ళలో నిలబడి ఉంటాయి. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇన్సులేటర్ బిళ్ళలు లెక్కపెట్టుకుని, ఎన్ని కేవీలో తనలో తాను తేల్చుకుని, నా వైపు తిరిగారు.

"ఎల్‌సీ తీసుకున్నావా?"

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. తీగ ముట్టుకునే ముందు సబ్‌స్టేషన్‌కి చెప్పి సప్లై ఆపించుకునే ఏర్పాటు. అది తీసుకోకుండా స్తంభమెక్కడం ఆయన దృష్టిలో ఆత్మహత్యతో సమానం.

"ఆ టవర్లు చాలా దూరం నాన్నగారూ. అటు వెళ్ళను."

"నువ్వు వెళ్ళవురా. అది వెళ్తే?"

జవాబు లేని ప్రశ్నలకి పంపు కొట్టడం మంచి మందు. పటానికి ముందంచున లావుపాటి గొట్టం, అడ్డంగా మూడు సన్నపాటి గొట్టాలు. వాటిల్లో గాలి బిర్రుగా నింపితేనే అది రెక్కవుతుంది, నీళ్ళలో పడినా మునగదు. కొడుతూ కొడుతూ, నాన్నగారిని క్రికెట్ దారి పట్టిద్దామని ఒక కథ మొదలెట్టాను. రెండొందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో, బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. ఆయనకి గాలిపటాల పిచ్చి. గుర్రాల బదులు పటాలు కట్టి బండి నడిపాడు. 1826లో దానికి పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆ రోజుల్లో రహదారి సుంకం గుర్రాల లెక్కన కట్టాలి. ఈ బండికి గుర్రాల్లేవు గనక సుంకమూ లేదు.

"టోలు ఎగ్గొట్టాడన్నమాట" అన్నారు నాన్నగారు. మొదటిసారి ఆయన గొంతులో గౌరవం వినిపించింది.

అంతకు రెండేళ్ళ ముందు, 1824లో, ఆ పంతులు ఓ పెద్ద పటానికి కుర్చీ కట్టి, అందులో కన్నకూతురు మార్తాని కూర్చోబెట్టి 270 అడుగుల ఎత్తుకి లేపాడు. బళ్ళో అల్లరిపిల్లల్ని కొట్టడానికి యంత్రం కనిపెట్టిందీ ఆయనే.

"కూతుర్నే గాల్లోకి లేపినవాడికి పరాయిపిల్లలొక లెక్కా" అన్నారు నాన్నగారు. "ఇంతకీ ఆ పిల్ల దిగిందా?"

"దిగింది. పెద్దయ్యాక పెళ్ళి చేసుకుంది. ఆవిడ కొడుకే క్రికెట్ దిగ్గజం డబ్ల్యూ.జి. గ్రేస్."

నాన్నగారు రేడియో కామెంటరీల కాలం మనిషి. కాసేపు నోట మాట రాలేదు. "అంటే ఆ రోజు తాడు తెగుంటే..." అని ఆగిపోయారు. బ్రిస్టల్ ఆకాశంలో వేలాడుతున్న క్రికెట్ భవిష్యత్తుని తలుచుకుని ఇద్దరం కాసేపు పంపు కొట్టడం మానేశాం.

నీళ్ళ మీద పడి మళ్ళీ లేచే పటం రావడానికి ఆ తర్వాత నూట యాభై ఏళ్ళు పైనే పట్టింది. ఫ్రాన్సు అన్నదమ్ములు బ్రూనో, డొమినిక్ లెగెన్యూలు 1984లో గాలి నింపే పటానికి పేటెంటు తీసుకున్నారు. అది బజారులో నిలదొక్కుకునేసరికి 90ల చివరికొచ్చింది. అప్పటి పటాలకో గుణముండేది. పట్టుకుంటే లాగడం తెలుసు, లాగడం మానడం అంతగా తెలియదు. 2005 ప్రాంతంలో బ్రూనోయే వంపు మార్చి కొత్త రకం పటం తెచ్చాక, కర్ర ముందుకి వదిలితే పటం బలం చాలావరకు జారిపోవడం మొదలైంది. అప్పట్నుంచే ఈ ఆట నాలాంటి సంసారుల దాకా వచ్చింది.

తాళ్ళు కడుతుంటే నాన్నగారు వంగి చూశారు. ఎడమ చివర ఎర్రరంగు, కుడి చివర నీలం. "ఆర్ ఫేజు, బీ ఫేజు ఉన్నాయి. వై ఫేజేదిరా?" అన్నారు. తర్వాత నేను కట్టిన ముడులన్నీ ఒక్కొక్కటీ లాగి చూశారు. పనివాడు తన కనెక్షన్ తనే చెక్ చేసుకోకూడదట. రెండోవాడు చూడాలట. ఈ ఆట నేర్పేవాళ్ళూ అదే చెబుతారు. ఎడమ తాడు కుడికి పడిందంటే పటం లేస్తూనే గిర్రున తిరిగి నేలకి తలబాదుకుంటుంది.

"ఈ తాడు ఎంత మోస్తుంది?"

"ఒక్కోటి రెండొందల కిలోల పైనే. తెగడమనేది ఉండదు నాన్నగారూ."

ఆయన మొహం మారిపోయింది. "తెగదా? తెగకపోతే ఎలారా? తెగనిదాంతోనే కదా ప్రమాదం. మరి దీనికి ఫ్యూజెక్కడుంది?"

ఈ ఆట గురించి అంత సరైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. చూపించాను. మొదటిది కర్ర. చెయ్యి వదిలేస్తే చాలు, పటం ఊపిరి తీసినట్టు మెత్తబడుతుంది. రెండోది నడుం కొక్కెం దగ్గర ఎర్ర పిడి. దాన్ని ముందుకి తోస్తే కర్ర ఊడి పైకి పోతుంది, పటం ఒకే ఒక్క తాడు మీద జెండాలా రెపరెపలాడుతూ కిందపడుతుంది. మూడోది ఆ ఒక్క తాడునీ వదిలించేది. అది లాగితే మనిషి మిగులుతాడు, లక్షన్నర హేవర్డ్ వైపు ఎగిరిపోతుంది.

"ఐఎస్‌ఐ మార్కుందా?"

"ఐఎస్‌ఓ ఉంది. ఈ పిడి కోసమే 2020లో ఒక ప్రమాణం పెట్టారు. దాని నంబరు 21853."

నంబరు చెప్పగానే నాన్నగారు స్థిమితపడ్డారు. గవర్నమెంటు మనిషికి నంబరు ఉన్నదేదైనా నమ్మకం. కుర్చీలో కూర్చుని మంకీ క్యాపు సర్దుకుని, "సరే, చార్జ్ చెయ్యి" అన్నారు.

చార్జ్ చెయ్యడం తేలికే. చేతులతోనే వస్తుంది చిక్కంతా. కర్ర దగ్గరికి లాక్కుంటే పటానికి బలం పెరుగుతుంది, దూరం తోస్తే తగ్గుతుంది. అంటే భయమేసినప్పుడు వదలాలి. మన పెంపకంలో ఈ పాఠం ఎక్కడా లేదు. ఆర్టీసీ బస్సెక్కితే కడ్డీ గట్టిగా పట్టుకో. తిరనాళ్ళకి వెళ్తే అమ్మ కొంగు గట్టిగా పట్టుకో. ఉద్యోగం దొరికితే గట్టిగా పట్టుకో. స్థలం కొంటే కాగితాలు గట్టిగా పట్టుకో. అమెరికా వస్తే గ్రీన్‌కార్డు లైన్లో నీ తేదీ గట్టిగా పట్టుకో, అది ముందుకి కదిలేలోపు పిల్లలు కాలేజీకొస్తారు. ఇలా పట్టుకోవడంలోనే పుట్టిపెరిగి ప్రవీణులమైన జాతి మనది. ఇప్పుడు 55 కిలోమీటర్ల గాలిలో ఎవరో వచ్చి "భయమేస్తే వేళ్ళు తెరువు" అంటే, బుర్ర సరేనంటుంది గాని, వేళ్ళకి చెప్పేదెవరు?

ఒక తెల్లాయన పటం ఎత్తి పట్టుకున్నాడు. గాలికి గుడ్డ ఫటఫట కొట్టుకుంటోంది. నేను తాళ్ళు బిగిస్తూ రెండడుగులు పక్కకి జరిగాను. ఇంకో అడుగు. ఉన్నట్టుండి ఆ ఫటఫట ఆగిపోయింది. గుడ్డ నున్నగా, బిగుతుగా, ముడతన్నది లేకుండా నిలబడింది. ఎదురుచూసేది ఈ క్షణం కోసమే. చప్పుడు చేస్తున్నంతసేపూ పటం గుడ్డే, చప్పుడాగితే రెక్క. బొటనవేలు పైకెత్తాను, ఆయన చేతులు తీసేశాడు. అది గాలి అంచు వెంట నెమ్మదిగా పాకుతూ నెత్తిమీదికొచ్చి నిలబడింది. నడుం పట్టా పక్కటెముకల దాకా ఎగబాకింది. మడమలు నేల వదిలాయి. ఎప్పుడూ నా బరువు గురించి సణిగే బాత్రూం తూకం ఆ సమయంలో కాళ్ళకింద ఉంటే ఎంత బాగుండేదో.

కొత్త పటం నడక కొత్తది. నా పాత 12 మీటర్లది పెద్దమనిషి. తిరగమంటే ఆలోచించుకుని తిరుగుతుంది. ఈ ఎనిమిది మీటర్లది చెప్పక ముందే తిరుగుతుంది. కర్ర ఒక వేలు వాసి కదిపితే చాలు, ఆకాశంలో ఈ మూలనుంచి ఆ మూలకి దూకి 'ఇంకేంటి' అన్నట్టు చూస్తుంది. పలక అంచు నీళ్ళలో గుచ్చి, వెనక్కి వాలి, వంతెన వైపు ఒక సాగు, తిరిగి ఒడ్డు వైపు ఒక సాగు. మోకాళ్ళు వణుకుతున్నా మొహాన నవ్వు ఆగలేదు. ఆ కాసేపు ఇంటి లోను నాకు లేదు, ఎవరికుందో కూడా తెలియదు.

ఒడ్డుకి దగ్గరగా వచ్చి అరచేత్తో నెత్తి మీద తట్టుకున్నాను. పటం దింపడానికి ఎవరైనా సాయం రండని ఈ ఆటలో అది సంజ్ఞ. కుర్చీలోంచి నాన్నగారు చూసి, "చూశావా అమ్మా, వాడే నెత్తి బాదుకుంటున్నాడు. లక్షన్నర పోసినవాడు బాదుకోక ఏం చేస్తాడు" అన్నారట మా ఆవిడతో.

సరిగ్గా అప్పుడే నీళ్ళ మీద ఒక నల్లటి మచ్చ మా వైపు పరిగెత్తుకొచ్చింది. విసురు గాలి నీళ్ళని గీరుకుంటూ వస్తే ఆ మేర ముదురురంగు పడుతుంది. దాన్ని చూస్తూనే తెల్లాయన రెండడుగులు వెనక్కేశాడు. తరువాత నాకు తెలిసింది నా కాళ్ళు నా కంటికి ఎదురుగా ఉన్నాయని, వాటి వెనకాల కనిపించాల్సిన నీళ్ళు చాలా కిందున్నాయని. గాలి ఒడ్డు పక్కనుంచి నీళ్ళలోకి వీస్తుంది గనక ఒడ్డు మీది సలహాలన్నీ నాకు చక్కగా వినిపిస్తాయి, నా జవాబులు ఒడ్డుకి చేరవు. మా ఇంట్లోనూ ఏర్పాటు ఇంతే.

"పట్టుకోరా! వదలకు! గట్టిగా పట్టుకో!" ఇది నాన్నగారు. ఫ్యూజు సంగతి అడిగిన మనిషే, కొడుకు గాల్లో కనపడేసరికి లైన్ ఇన్‌స్పెక్టర్ పోయి తండ్రి మిగిలాడు.

"ఢీల్ ఇయ్యండి! ఢీల్! ఢీల్!" ఇది మంగళ్‌హాట్ మిద్దె.

ఒకవైపు జన్మనిచ్చినవాడు, ఒకవైపు జన్మంతా ఉండేది. గాల్లో ఉన్నవాడికి ఇంత ధర్మసంకటం రాకూడదు. నీళ్ళమీద వెల్లకిలా పడ్డాను. బే నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అడుగున బురద రుచి కూడా తగులుతుంది. పటం నీళ్ళకి కొట్టుకుని, పొర్లి, తాళ్ళు మెలేసుకుని, మళ్ళీ లేచి గిరగిరా తిరుగుతూ లాగడం మొదలెట్టింది. ఒక్కో చుట్టుకీ ఒక్కో గుంజు. ఇక కర్ర వదిలితే సరిపోయే దశ కాదు. ఎర్ర పిడి తోశాను. టక్. కర్ర నా చేతిలోంచి జారి తాళ్ళ వెంట పైకి పోయింది. అంతదాకా నన్ను ఈడ్చిన పటం ఒంటితాడు మీద తలవాల్చి నీళ్ళ మీద పడుకుంది.

"అఫా!" అని ఒడ్డు మీంచి కేక. ధూల్‌పేట వైపు పతంగి తెగినప్పుడు మిద్దెలన్నీ కలిసి పెట్టే కేక. భర్త నీళ్ళలో ఉన్నాడన్న సంగతి ఒక అర నిమిషం తర్వాత తనకి గుర్తొచ్చిందట.

తరువాత ఈతకొట్టి పటం దగ్గరికి చేరి, తాళ్ళు కర్రకి చుట్టుకుని, దాన్నే పడవ చేసుకుని, గాలికి ఏటవాలుగా తేలుతూ ఒడ్డుకి చేరాను. ఆ ఒడ్డు నేను బయల్దేరిన ఒడ్డు కాదు. గాలి తీసిన పటం చంకన పెట్టుకుని, నల్లటి రబ్బరు సూటులో నీళ్ళోడుతూ కరకట్ట వెంట వెనక్కి నడవాలి. మంకీ క్యాపుల వేళ. ఒక పెద్దాయన ఆపేశారు.

"తెలుగువాళ్ళేనా బాబూ?"

ఎలా కనిపెట్టారో ఇప్పటికీ తెలియదు. అవునన్నాను.

"ఏ కంపెనీ?"

పటం కంపెనీ పేరు చెప్పాను.

"అది కాదు బాబూ. జాబు."

చెప్పాను. ఊరడిగారు, చెప్పాను. ఎవరి తాలూకో అడిగారు, చెప్పాను. చలికి నా పళ్ళు టకటకలాడుతుంటే, మా మేనమామ తోడల్లుడూ ఆయనా కాకినాడలో ఒకే మెస్సులో తిన్నట్టు తేలింది. ఆ సంతోషంలో నన్నక్కడ ఇంకాసేపు నిలబెట్టారు.

నేను తిరిగొచ్చేసరికి నాన్నగారు తెల్లాయన చేత ఎర్ర పిడి ఎలా బిగించాలో సైగలతో చెప్పించుకుంటున్నారు. కోప్పడతారనుకున్నాను. మొహం వెలిగిపోతోంది. "పనిచేసిందిరా ఫ్యూజు!" అన్నారు. ఆయన లెక్కలో ఫ్యూజు పోవడం నష్టం కాదు, డ్యూటీ. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో జనం ఆయన్ని 'కరెంటు పోయిందేం' అని తిట్టినవాళ్ళేగాని, 'ఫ్యూజు పోయి ఇల్లు నిలిచింది' అని మెచ్చుకున్నవాడు లేడు. ఎవరూ మెచ్చుకోని ఆ పనికి ఇంతమంది తెల్లవాళ్ళు డబ్బులు పోసి, నంబరు పెట్టి, ఎర్రరంగు వేసి ఊరేగించడం ఆయనకి పింఛను పెరిగినంత తృప్తినిచ్చింది.

ఇంటికెళ్ళే దారిలో కొత్త పటం మీద నా అభిప్రాయం చెప్పాను. బ్రహ్మాండంగా ఉంది. అయితే 12కీ 8కీ మధ్య పెద్ద ఖాళీ ఉంది. ఒక 10 మీటర్లది ఉంటే ఏ గాలికైనా తిరుగుండదు. కారులో ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చి గ్యారేజీ తలుపెత్తాక మా ఆవిడ నోరు విప్పింది. లోపల అతుకుల 12 మీటర్ల పటం, అంతకు ముందు తరం పటం ఒకటి, కాళ్ళపట్టీలు లేని పలకలు, మూతి విరిగిన పంపులు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన చిక్కుతాళ్ళ మూట. కారు బయటే ఉంది, ఎప్పట్లాగే.

"నీళ్ళల్ల వదలడం వచ్చింది గద. ఇంట్ల ఎప్పుడొస్తది?"

మావయ్యగారి వైపు చూసింది. ఆయన కోడలి పక్షం చేరిపోయారు. "లోడు ఎక్కువైందిరా. కొంత తగ్గించు." అప్పటికప్పుడు 12 మీటర్లది అమ్మకానికి పెట్టాను. ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. శాన్ హోసే నుంచి ఒక తెలుగు కుర్రాడు.

"అంకుల్, ఫైనల్ ఎంత?"

చెప్పాను. వంద డాలర్లు తగ్గించమన్నాడు. అతుకులు చూసి మాట్లాడుతున్నాడు గాని, ఆ పటంతో నాకున్న అనుబంధం వీడికేం తెలుసు? కుదరదన్నాను. యాభై తగ్గించమన్నాడు. కుదరదన్నాను. పాతిక. నా చేతివేళ్ళు ఫోను చుట్టూ బిగుసుకున్నాయి. వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఢీల్ ఇయ్యండి!"

అవతల కుర్రాడు హుషారయ్యాడు. "ఆంటీ డీల్ ఓకే అంటున్నారు కదా అంకుల్. బయల్దేరుతున్నా."